మూడో పిలుపు

గోరువెచ్చటి ఉప్పునీళ్ళు నోట్లో పోసుకుని, తల వెనక్కి వాల్చి, గంగరాజం గరగరమని పుక్కిలిస్తున్నాడు. ఏడు పుక్కిళ్ళు. ఆరుతో ఆపడు, ఎనిమిదోది చెయ్యడు. కోరుట్లలో ఆ గల్లీవాళ్ళకి ఈ చప్పుడే గడియారం. ఇది వినపడగానే బడిపిల్లలున్న ఇళ్ళలో లైట్లు వెలుగుతాయి. ఆదివారం ఆయన ఒక గంట ఆలస్యంగా లేస్తాడు కాబట్టి గల్లీ కూడా ఒక గంట ఆలస్యంగానే లేస్తుంది.

ఏడోది ఉమ్మేసి, మూతి తుడుచుకుని, ఒక మిరియం గింజ నాలుక కింద పెట్టుకున్నాడు. మనిషి పీలగా, పొడుగ్గా ఉంటాడు. యాభై ఎనిమిదేళ్ళకి జుట్టు సగం పోయింది, ఎడమ మోకాలు వానలు మొదలవగానే మొరాయిస్తుంది, యూనిఫారం తెల్ల చొక్కా భుజాల దగ్గర వేలాడుతుంది. బస్సులో పక్కన కూర్చుంటే గుర్తుండే మొహం కాదు. ఉన్నదంతా ఆ గొంతులోనే ఉంది. దానికోసం పెరుగు మానేశాడు, నిమ్మకాయ తొక్కు మానేశాడు. మే నెల ఎండలో కూడా చల్లటి నీళ్ళు ముట్టడు. పెళ్ళి విందుల్లో ఐస్‌క్రీమ్ కప్పు ముందుకొస్తే దానికి ఒక దండం పెట్టి పక్కవాడి వైపు జరుపుతాడు.

కోర్టులో ఆయనకన్నా కింద ఇంకో మెట్టు లేదు. ఊళ్ళో జనానికి ఆయన కోర్టు జవాను. నీ పనేంది అని ఎవరైనా అడిగితే మాత్రం ఒక్కటే మాట చెప్తాడు: "పిలుస్త."

పిలవడం కూడా ఒక పనేనా అని మీకు అనిపించవచ్చు. లోపల క్లర్కు కేసు నంబరు చదువుతాడు. బయట జవాను ఆ కేసువాళ్ళ పేర్లు మూడుసార్లు పిలుస్తాడు. వచ్చినవాళ్ళు వస్తారు, రాని ముద్దాయి మీద వారెంటు రాస్తారు. మూడుసార్లు పిలవాలన్నది రివాజు. ఎక్కడ నిలబడి పిలవాలో ఎవరూ చెప్పలేదు. అందుకని చాలామంది జవాన్లు గుమ్మంలోనే నిలబడి మూడు పిలుపులూ ఒకే గుక్కలో కానిచ్చేసి "లేడు సార్" అనేస్తారు. గంగరాజం మొదటి పిలుపు గుమ్మంలో పిలుస్తాడు, అది వరండా బెంచీల మీద ఉన్నవాళ్ళకి. రెండోది మెట్ల మీద, అది వేపచెట్టు కిందా సైకిల్ స్టాండు దగ్గరా ఉన్నవాళ్ళకి. మూడోది గేటు దాకా నడిచిపోయి పిలుస్తాడు, అది రోడ్డుకి అవతల చాయ్ హోటల్లో, జిరాక్సు కొట్టులో ఇరుక్కున్నవాళ్ళకి. గుమ్మం నుంచి గేటుకి డెబ్భై అడుగులు. ఇరవై తొమ్మిదేళ్ళుగా, వానైనా ఎండైనా, రోజుకి ఇరవై ముప్పైసార్లు పోయి వస్తున్నాడు. కొత్తగా వచ్చిన జడ్జీలు మొదటి వారం విసుక్కుంటారు. రెండో వారం నుంచి ఆయన గేటు దగ్గర్నుంచి తిరిగొచ్చేదాకా పెన్ను కింద పెట్టి ఆగుతారు.

"ఇనవడక జైలుకు పోయినోడు నా కోర్టుల ఒక్కడు లేడు," అంటాడు గంగరాజం.

"కోర్టు జడ్జి మేడంది గాదా గంగన్నా?" అని క్లర్కు ఆటపట్టిస్తాడు.

"ఆమె మూడేండ్లకు బదిలైతది. నేనుంట గద."

ఆ మాట అన్నప్పుడు ఆయన ఛాతీ కొంచెం ముందుకొస్తుంది. ఆ గర్వానికి ఆయన అర్హుడే.

ఇంటి వరండాలో సుజాత అప్పటికే బీడీల చాట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. సుజాత గంగరాజం తమ్ముడి భార్య. తునికాకులో పొగాకు పోసి, చుట్టి, దారం కట్టి, మళ్ళీ ఇంకో ఆకు అందుకునేదాకా ఆమె చూపు చాట మీద ఉండదు, వేళ్ళే చూసుకుంటాయి. గంగరాజం భార్య పోయినప్పటి నుంచీ రెండు సంసారాలకీ ఒకటే పొయ్యి. లోపల మంచం మీద తమ్ముడు భూమేశ్ పడుకుని ఉన్నాడు. రెండు కిడ్నీలూ పోయాయి. వారానికి రెండుసార్లు జగిత్యాల పోయి రక్తం కడిగించుకుని రావాలి. నిన్న పోయి వచ్చాడు. ఆ మరునాడు ఎప్పుడూ మంచం దిగలేడు.

"ఇయ్యాల ఆ నరేందర్‌గాని పేరున్నదట గద బావా," అంది సుజాత.

గంగరాజం మిరియం కొరికాడు. "ఎవలు చెప్పిన్రు?"

"ఎవలైతేంది. ఉన్నదా, లేదా?"

"ఉన్నది."

"ఈసారి రాకుంటె వారెంటట. పట్టుకపోయి లోపలేస్తరట."

"అవ్. మేడం పోయిన వాయిదకే చెప్పింది."

సుజాత చేతిలో ఉన్న బీడీకి దారం బిగించింది. "మూడో పిలుపు గేటు కాడికి పోయి పిలువాలెనని సర్కారు రూలున్నదా?"

"లేదు."

"మరి ఇయ్యాల పోకు. నిన్ను అబద్దమాడుమంటలేను బావా. అందరి తీర్గనే గుమ్మంల నిలవడి మూడుసార్లు పిలువు. మోకాలు నొస్తుందనుకో. ఆడు చాయ్ తాక్కుంట కూసుంటడు, ఆని ఖర్మ. గంతే."

గంగరాజం చెప్పులు వేసుకున్నాడు. ఆమె అడిగిందాంట్లో తప్పు కూడా ఏమీ లేదు.

నరేందర్ గల్ఫ్ ఏజెంటు. ఆరేళ్ళ కింద భూమేశ్ సిరిసిల్లలో సాంచాలు నడుపుకునేవాడు. మగ్గాల చప్పుడు మధ్య పన్నెండు గంటలు నిలబడే కాళ్ళు, ఎంత పనికైనా జంకని మనిషి. కంపెనీ వీసా అని చెప్పి నరేందర్ అతన్ని విమానం ఎక్కించాడు. అది మూడు నెలల విజిట్ వీసా అని భూమేశ్‌కి అక్కడ పోలీసులు పట్టుకున్నాకే తెలిసింది. చేతిలో రసీదు లేదు, ఇంటి మనిషి తప్ప చూసిన సాక్షి లేడు, కాబట్టి ఇక్కడ భూమేశ్ పేరున కేసే కాలేదు. ఇప్పుడు కోర్టులో నడుస్తున్నది బీర్పూర్ వైపు నుంచి ఒక ముసలితల్లి పెట్టిన కేసు. సుజాత దాన్నే తన కేసు అనుకుంటోంది. వాడికి పదేళ్ళు పడాలన్న పెద్ద ఆశలేమీ ఆమెకి లేవు. ఒక్క వారం వాడు లోపల ఉండాలి, చిప్పకూడు తినాలి, దోమలు కుట్టాలి. అంతే అడుగుతోంది.

గంగరాజానికి మాత్రం అది కోరిక కాదా? తమ్ముడి చెయ్యి సూదులతో ఉబ్బి తాడులాగా మెలికపడిపోయింది. రోజుకి మూడు చిన్న గ్లాసులకి మించి నీళ్ళు తాగకూడదు. ఎండాకాలం మధ్యాహ్నాలు ఆ మనిషి నాలుక తడుపుకోవడానికి పడే పాట్లు చూడలేక గంగరాజం తన నీళ్ళు దాక్కుని తాగుతాడు. నరేందర్ కనపడితే గొంతు పట్టుకోవాలని ఆయనకి ఎన్నిసార్లు అనిపించిందో దేవుడికే తెలుసు.

కోర్టుకి నడుస్తున్నంతసేపూ సుజాత మాటే వెంట వచ్చింది. దాంతోపాటు ఇంకో మాట కూడా. జైలు సంగతులు భూమేశ్ ఎప్పుడూ చెప్పడు. చెప్పింది ఒక్కటే, అదీ ఒక్కసారే. అక్కడి కోర్టులో పెద్ద హాలట, ఇనుప బెంచీల మీద యాభై మంది దాకా కూర్చున్నారట. ఎవరో ఒకాయన వచ్చి, వాళ్ళ భాషలో, కాగితంలోంచి తల ఎత్తకుండా గబగబా పేర్లు చదివి పోయాడట. తన వంతు ఎప్పుడొస్తుందా అని భూమేశ్ పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చున్నాడు. సాయంత్రం వ్యాను ఎక్కించాక, నీ కేసు మధ్యాహ్నమే అయిపోయింది, పద్నాలుగు నెలలు వేశారు అని పక్కనున్న మలయాళీ చెప్పాడు.

"పిలిచిన్రట అన్నా. నాకెర్కలే. ఎర్కయితే లేసి చెప్పుకుందు గద."

ఆ జైల్లోనే కాళ్ళు వాచాయి, ఆ జైల్లోనే కిడ్నీలు పోయాయి.

కోర్టు మెట్ల మీద సమ్మవ్వ కూర్చుని ఉంది. బీర్పూర్ వైపు నుంచి కేసు పెట్టిన ముసలితల్లి ఆమే. పక్కన జొన్నరొట్టెల మూట. నరేందర్ పంపిన ఆమె కొడుకు ఇంకా గల్ఫ్‌లోనే ఎక్కడో ఉన్నాడు. సాక్ష్యం చెప్పడానికి ఆమె రావడం ఇది నాలుగోసారి. మూడుసార్లూ చెప్పకుండానే తిరిగిపోయింది.

"ఇయ్యాలన్న నన్ను పిలుస్తరా కొడుకా?"

"పిలుస్తరవ్వా. కూసో," అన్నాడు గంగరాజం, రోజూ అందరికీ అన్నట్టే.

పదిన్నరకి మేడం బెంచి ఎక్కింది. మూడు భూమి తగాదాలు, రెండు చెక్కు కేసులు, భర్త మీద భరణానికి వేసిన ఒక చిన్న వయసు అమ్మాయి కేసు. బయటివాళ్ళు శిక్షంటే జైలనుకుంటారు. వేపచెట్టు కింద కూర్చుని, పత్తి ఏరే రోజులు పోగొట్టుకుంటూ, ఎనిమిదేళ్ళు వాయిదాలు తిరగడం శిక్ష కాదని ఎవరన్నారో వాళ్ళని ఒక్కరోజు ఆ చెట్టు కింద కూర్చోబెట్టాలి. గంగరాజం అన్ని పేర్లూ పిలిచాడు. ప్రతి పేరునీ మనిషి ఎదురుగా ఉన్నట్టే పిలిచాడు. గేటుకి పోయాడు, వచ్చాడు, పోయాడు, వచ్చాడు.

పదకొండూ ముప్పావుకి క్లర్కు ఆ నంబరు చదివాడు.

గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "చింతకుంట నరేందర్, తండ్రి రాజన్న, హాజర్..." వరండాలో ఎవరూ కదల్లేదు. ఇద్దరు ముగ్గురు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నరేందర్ తరఫు వకీలు దగ్గర పనిచేసే వకీలమ్మాయి ఫోను చెవికి పెట్టుకుని అటూ ఇటూ తిరుగుతోంది. "బిజీ వస్తోంది మేడం, ఒక్క నిమిషం మేడం," అని లోపలికి చెబుతోంది. గైర్హాజరీ అర్జీలు ఇక తీసుకోనని మేడం పోయిన వాయిదాకే తేల్చేసింది.

మెట్ల మీదికి వచ్చాడు. "చింతకుంట నరేందర్, తండ్రి రాజన్న..." చెట్టు కింద నుంచీ జవాబు లేదు.

ఇప్పుడు డెబ్భై అడుగులు ఉన్నాయి. మోకాలు నిజంగానే నొస్తోంది. "అచ్చెయ్ గంగన్నా, లేడని రాస్త," అని క్లర్కు లోపలి నుంచి కేకేశాడు. గంగరాజం మెట్ల మీద ఆగిపోయాడు. ఇరవై తొమ్మిదేళ్ళలో ఆ మెట్ల మీద అంతసేపు ఎప్పుడూ నిలబడలేదు. తర్వాత ఎవరో అడిగితే, అలవాటు కొద్దీ కాళ్ళు అవే నడిచినయి అని చెప్పాడు గానీ అది అబద్ధం. కాళ్ళు మొరాయించాయి. ఆయనే నడిపించాడు.

గేటు దగ్గరికి వచ్చి చూస్తే, రోడ్డుకి అవతల, చాయ్ హోటల్ పక్కన తెల్లకారు ఆగి ఉంది. అద్దాలు ఎత్తి ఉన్నాయి. ఏసీ కోసం ఇంజన్ ఆడుతోంది. లోపల నరేందర్, చెవి దగ్గర ఫోను, ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు.

గంగరాజానికి ఒక్క క్షణం హాయిగా అనిపించింది. గేటు దాకా వచ్చాడు కదా. రోజూ పిలిచినట్టు పిలిచేసి వెనక్కి పోతే తన రివాజు నిలుస్తుంది, సుజాత కోరికా తీరుతుంది. ఆ అద్దాల్లోంచి మామూలు పిలుపు దూరదు. అద్దం దించుకోకపోవడం ఆ మనిషి తప్పు.

కానీ ఆయన కళ్ళు ఆ అద్దం మీదే ఉండిపోయాయి. లోపల తన పేరు పిలుస్తున్నారని తెలియక ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. తెలియకుండానే ఆ మనిషి మీద కాగితం రాసేస్తారు. ఇది తమ్ముడికి జరిగింది. ఎంత వెధవకైనా ఇది జరగకూడదు. నరేందర్‌ని ఆయన క్షమించలేదు, ఎప్పటికీ క్షమించడు. వాడు జైలుకి పోతే పండగ చేసుకుంటాడు. కానీ పిలిచాక పోవాలి. విన్నాక పోవాలి. తన గొంతు మింగేసుకుని పంపితే ఆ హాల్లో తల ఎత్తకుండా చదివి పోయినవాడికీ తనకీ తేడా ఏముంది?

రెండు పాదాలూ ఎడంగా పెట్టి, గేటు ఊచ ఒక చేత్తో పట్టుకుని, పొట్ట అడుగు నుంచి గాలి పీల్చాడు.

"చింతకుంట నరేందర్... తండ్రి రాజన్న... హాజర్ కావాలె..."

చాయ్ హోటల్ సత్యవ్వ వడపోస్తున్న గిన్నె అలాగే పట్టుకుని ఆగిపోయింది. ఆటోవాళ్ళు వెనక్కి తిరిగారు. మెట్‌పల్లి బస్సు డ్రైవరు ఏం జరిగిందో అనుకుని బ్రేకు మీద కాలేశాడు. ఆ పిలుపు రోడ్డు దాటింది, అద్దం దాటింది. కారు తలుపు తెరుచుకుంది.

నరేందర్ చొక్కా లోపలికి దోపుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. గేటులో గంగరాజం భుజం తట్టాడు. "బతికిచ్చినవ్ పెద్దమనిషి. లేకుంటే ఇయ్యాల వారెంటే."

"నేను భూమేశ్ అన్నను," అన్నాడు గంగరాజం.

నరేందర్ ఒక అడుగు వేసి ఆగాడు. నిజంగానే ఆలోచించాడు. "ఏ భూమేశ్?"

ఎంతమందిని పంపి ఉంటే ఒక పేరు అలా జారిపోతుందో గంగరాజానికి అప్పుడు అర్థమైంది. "లోపల్కి నడువు. మేడం ఎదురు చూస్తుంది," అన్నాడు.

లోపల మేడం కళ్ళజోడు సర్దుకుంది. "ముద్దాయి హాజరయ్యాడు కదా. సాక్షి ఉన్నారా?"

గంగరాజానికి అప్పుడు తట్టింది. ముద్దాయి ఎదురుగా లేకుండా సాక్ష్యం రాసుకోరు. సమ్మవ్వ మూడుసార్లు ఉత్తగా తిరిగిపోయింది అందుకే. వీడు ఇవాళ కూడా కారులోనే ఉండిపోతే వారెంటు పడేది, రెండు రోజుల్లో వకీలు దాన్ని రద్దు చేయించేవాడు, ముసలామె మాత్రం రొట్టెల మూట పట్టుకుని మళ్ళీ బస్సెక్కేది. ఇన్నేళ్ళు కోర్టులో తిరిగి, కోపంలో ఇంత చిన్న సంగతి మరిచిపోయాడు. తనమీద తనకే సిగ్గేసింది, ఆ వెంటనే ఎక్కడలేని సంతోషం వేసింది.

"లే అవ్వా. నిన్నే," అన్నాడు మెట్ల మీదికి వంగి.

సమ్మవ్వ నలభై నిమిషాలు చెప్పింది. డబ్బు ఎవరికిచ్చావమ్మా అని అడిగితే వేలు చాపి "గీనికే" అంది. ఆ వేలు దించమని ఎవరూ చెప్పలేదు, ఆమె కూడా చాలాసేపు దించలేదు. ముద్దాయి నేల చూశాడు. గుమ్మంలో నిలబడ్డ గంగరాజం గోడకి ఆనుకోకుండా నిటారుగా నిలబడి అంతా విన్నాడు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కబురు ఆయనకన్నా ముందే వచ్చింది.

"పిలిచినవట గద," అంది సుజాత. చాట ముందు అలాగే కూర్చుని ఉంది. "బస్సు గుడ ఆగిందట."

"ఆగలే. జర మెల్లగైంది."

ఆమె నవ్వలేదు. "ఆడు ఇయ్యాల ఇంట్లనే పంటడు."

"పంటడు. కని ఆ ముసలవ్వ సాక్ష్యమైంది సుజాత. మంచిగ చెప్పింది. ఆడు తలకాయ ఎత్తలే."

"ఆమెది రాసుకున్నరు. నా సాక్ష్యం ఎవలు రాసుకుంటరు బావా?"

గంగరాజం చెప్పులు విడవబోయి ఆగిపోయాడు. మరదలి కళ్ళలో నీళ్ళు చూసి ఆయన ప్రాణం చివుక్కుమంది.

లోపలి నుంచి భూమేశ్ పిలిచాడు. తనని వాకిట్లో కూర్చోబెట్టమన్నాడు. పక్కింటి నుంచి నీలం రంగు ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, ఇద్దరూ చెరో చంక కింద చెయ్యి వేసి తెచ్చి కూర్చోబెట్టారు. భూమేశ్ భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకుని కుర్చీ చేతిమీద వేసుకున్నాడు.

"అన్నా, ఆడు కార్ల అద్దాలేసుకున్నడట?"

"అవ్."

"అయినా ఇనవడ్డదా?"

"ఇనవడ్డది."

భూమేశ్ నవ్వాడు. ఎన్ని నెలలైందో ఆ మొహం మీద నవ్వు చూసి. "నన్ను గుడ ఒక్కసారి పిలువన్నా. గట్లనే. నాయిన పేరుతోని."

పొద్దు గూకాక గంగరాజం గొంతు పెంచడు. అది ఆయన పెట్టుకున్న కట్టుబాటు. ఆయన ఒకసారి తమ్ముడి వైపు, ఒకసారి సుజాత వైపు చూసి, చొక్కా గుండీలు పైదాకా పెట్టుకున్నాడు. గుమ్మంలో నిలబడి మొదటిసారి పిలిచాడు. వాకిలి మధ్యకి వచ్చి రెండోసారి పిలిచాడు. తర్వాత గల్లీలోకి నడిచి, వెనక్కి తిరిగి, పొట్ట అడుగు నుంచి గాలి పీల్చాడు.

"గాజెంగి భూమేశ్... తండ్రి రాజేశం... హాజర్..."

ఇళ్ళలోంచి జనం బయటికి వచ్చారు. భూమేశ్ కుర్చీ చేతులు రెండూ పట్టుకుని లేచి నిలబడ్డాడు. పట్టుకోవడానికి వచ్చిన సుజాతని వద్దన్నాడు.

"ఉన్న సార్," అన్నాడు. "ఈడనే ఉన్న. నేను దొంగతనంగ అచ్చినోన్ని గాదు సార్. కంపెనీ వీస అన్నరు, నమ్మిన, అచ్చిన. నాది తప్పు లేదు."

చాట పక్కన పెట్టి సుజాత వచ్చి భర్త పక్కన నిలబడింది. పైట కొంగు సర్దుకుని బావ కళ్ళలోకి సూటిగా చూసింది.

"నిజమే చెప్తుండు," అంది. "నేను ఉన్నప్పుడే ఆడు వీస మాట చెప్పిండు. నేను సాక్ష్యం."

"ఇన్నం," అన్నాడు గంగరాజం. ఆ గొంతు మొదటిసారి కొంచెం బీటలు వారింది. "అందరం ఇన్నం."

భూమేశ్ ఇంకాసేపు అలాగే నిలబడి, తృప్తిగా తల ఊపి, తనంతట తానే లోపలికి నాలుగడుగులు నడిచాడు. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

తెల్లవారుజామున, నిద్రలోనే, భూమేశ్ పోయాడు. సుజాత వచ్చి బావని లేపింది, గట్టిగా ఏడవలేదు. ఆ పగలు వచ్చినవాళ్ళు, పోయినవాళ్ళు, పాడె కట్టినవాళ్ళు, అందరూ ఒకటే మాట చెప్పుకున్నారు. నిన్న లేచి నిలవడ్డడు, పిలుస్తే పలికిండు అని. చెప్తున్నవాళ్ళ మొహాల్లో దుఃఖంతోపాటు గర్వం కూడా ఉంది. సుజాత ఆ మాట ఎవరు చెప్పినా తల ఎత్తి విన్నది.

అన్నీ అయ్యి జనం పలచబడ్డాక పక్కింటామె తన కుర్చీ కోసం వచ్చింది, చూసింది, ఉట్టి చేతులతోనే తిరిగిపోయింది. వాకిట్లో, గల్లీ వైపు తిరిగి, చేతిమీద తువ్వాలు వేలాడుతూ, నీలం కుర్చీ అలాగే ఉంది.